వైజాగ్‌లో వారం: ఎక్కడ దిగాలి, ఏ కొండ ఎక్కాలి, ఏది వదిలేయాలి

దసరా దాటిందంటే మా ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. హైదరాబాద్ నుంచి పెదనాన్న గారి అబ్బాయి, బెంగళూరు నుంచి మా ఆవిడ పిన్ని కూతురు, ఈమధ్య డాలస్‌లో ఉండే మేనల్లుడు కూడా. అందరూ అడిగేది ఒకటే. "వారం సెలవు దొరికింది, వైజాగ్ వస్తున్నాం, ఏమేం చూడాలి?" నేను వెంటనే జాబితా చెప్పను. "పొద్దున్న ఎన్నింటికి లేస్తారు?" అని అడుగుతాను. ఎగతాళి అనుకుని నవ్వేస్తారు గానీ, నేను నిజంగానే అడుగుతాను.

ఈ ఊళ్లో బయట తిరగడానికి పనికొచ్చే వేళ తెల్లవారుజాము నుంచి తొమ్మిది దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు తర్వాత. మధ్యలో ఎండకన్నా ఉక్క చంపేస్తుంది. కాబట్టి వారం అంటే నా లెక్కలో ఏడు పొద్దులు. ఏ పొద్దు ఎక్కడ గడపాలో తేల్చుకుంటే హోటల్ ఎక్కడ తీసుకోవాలి, బండి అద్దెకు తీసుకోవాలా వద్దా, అరకు ఎన్ని రోజులు అన్నవి వాటంతటవే తేలతాయి. ఎనిమిదింటికి లేచి, పదింటికి టిఫిన్ చేసి, పదకొండుకు కారెక్కే వాళ్లకు ఏ ఊరైనా ఒకటే. అంత దూరం రావడం దండగ.

ముందు ఊరి ఆకారం బుర్రలో పెట్టుకోండి. సముద్రం వైపు తిరిగి నిలబడితే కుడిచేతి వైపు డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని వెనక యారాడ. ఎడమచేతి వైపు కైలాసగిరి, అది దాటితే రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, చివర భీమిలి. వీపు వెనక సింహాచలం కొండలు, కంబాలకొండ అడవి. ఆ పైన, వందకు పైగా కిలోమీటర్ల దూరంలో మన్యం: అరకు, పాడేరు, లంబసింగి. చూడాల్సినవి ఎక్కువగా ఎడమచేతి వైపే పోగుపడ్డాయి. కుడివైపుది ఒక్క పూట పని. ఈ ఒక్క సంగతి తెలియక రోజుకోసారి ఊరు అడ్డంగా దాటి అలిసిపోయినవాళ్లను చాలామందిని చూశాను.

ఎప్పుడు రావాలి

సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా. నన్నడిగితే దీనికి పోటీ లేదు. గాలి పొడిగా ఉంటుంది, కొండల మీద చలి ఇంకా మిగిలే ఉంటుంది, పండగ జనం వెళ్లిపోయి ఉంటారు. డిసెంబరు ఆఖరి రెండు వారాలు వాతావరణం ఇంకా బావుంటుంది, కానీ అరకు ఘాట్ రోడ్డు మీద కార్లు చీమల బారులా నిలబడిపోతాయి. ఆ రోజుల్లో రావద్దని చెప్పడం నా ధర్మం. వినకపోవడం చుట్టాల ధర్మం.

అక్టోబరు, నవంబరు అందమైన నెలలే, కానీ తుఫాన్ల నెలలు కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదుగానే తీరం దాటింది. కైలాసగిరి మీద చెట్టన్నది మిగల్లేదు, రోజుల తరబడి కరెంటు లేదు. ఏటా అలా జరగదు గానీ, ఈ నెలల్లో వచ్చేవాళ్లు రద్దు చేసుకునే వీలున్న టికెట్లే కొనడం మంచిది. ఆగస్టు, సెప్టెంబరుల్లో సముద్రం బురదరంగులో, కోపంగా ఉంటుంది. కొండలు మాత్రం పచ్చగా, జలపాతాలు నిండుగా ఉంటాయి. సముద్రం కోసం కాక కొండల కోసమే వచ్చేవాళ్లకు అదే సరైన కాలం. మే నెల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఐదుంబావుకే వెలుతురు వచ్చేస్తుంది, ఏడింటికల్లా చొక్కా తడిసిపోతుంది. తాటిముంజలు తప్ప మంచి మాట లేదు.

ఎక్కడ దిగాలి

నాలుగు చోట్లున్నాయి. మూడింటిని గట్టిగా పోల్చాలి, నాలుగోదాన్ని ఒక్క రాత్రికి వాడుకోవాలి.

మొదటిది ఆర్కే బీచ్, పాండురంగాపురం, చినవాల్తేరు వైపు. తెల్లవారగానే చెప్పులేసుకుని రోడ్డు దాటితే సముద్రం. పొద్దున్న నడకవేళ బీచ్ రోడ్డులో కొంత మేర బళ్లను రానివ్వరు. ఆ గంటన్నర ఊరు మొత్తం అక్కడే ఉంటుంది: యోగా చేసే పెద్దాయనలు, క్రికెట్ ఆడే కుర్రాళ్లు, చద్ది కూడా తినకుండా పరుగెత్తే నేవీ వాళ్లు. టిఫిన్‌కు, రాత్రి భోజనానికి వెతుక్కోనక్కర్లేదు. లోటల్లా సాయంత్రాల రద్దీ, హోటల్ ధరలు. ఇంకో సంగతి, "సీ వ్యూ" అన్న మాటను నమ్మకండి. ఆ పేరు చెప్పి డబ్బు తీసుకున్న ఒక లాడ్జిలో మా బావగారికి సముద్రం స్నానాల గది కిటికీలోంచి కనిపించింది, అదీ బకెట్ బోర్లించి దాని మీద నిలబడితే. గది ఫొటో కాదు, గదిలోంచి తీసిన ఫొటో పంపమనండి.

రెండోది రుషికొండ. కొండ, తీరం, తీరిక మూడూ ఉన్నాయి. తొట్లకొండ, మంగమారిపేట, కంబాలకొండ అన్నీ దగ్గరే. అయితే రాత్రి తొమ్మిది దాటాక ఊళ్లోకి వెళ్లి రావాలంటే ఆటో అతను చెప్పిందే ధర. చిన్నపిల్లలతో వచ్చే కుటుంబాలకు, రిసార్టులోనే సగం సెలవు గడిపేవాళ్లకు ఇది సరిపోతుంది.

మూడోది భీమిలి. ఇరవై ఐదు కిలోమీటర్ల పైన దూరం. డచ్చివాళ్ల సమాధులు, పాత గడియార స్తంభం, సముద్రంలో కలిసే గోస్తని నది. 1861 నుంచి మునిసిపాలిటీగా ఉన్న ఊరు, దేశంలోనే అతి పాత మునిసిపాలిటీల్లో ఒకటి. ఇప్పటికీ రాత్రి ఎనిమిదిన్నరకే నిద్రపోతుంది. పుస్తకం పట్టుకుని వచ్చేవాళ్లకు, కొత్తగా పెళ్లయినవాళ్లకు బావుంటుంది. వారమంతా అక్కడే అంటే మాత్రం పిల్లలు మూడో రోజుకే తిరుగుబాటు చేస్తారు.

నాలుగోది స్టేషన్, డాబాగార్డెన్స్, కాంప్లెక్స్ చుట్టుపక్కల. మేము కాంప్లెక్స్ అంటే ద్వారకా బస్ స్టేషన్. చవక, పొద్దున్నే అరకు రైలెక్కడానికి దగ్గర. ఆ ముందు రాత్రికి తప్ప వేరే ఎందుకూ సిఫారసు చేయను.

మొత్తం వారానికి ఒకే గది తీసుకుంటే సామాను బాధ తప్పుతుంది గానీ, మూడు పొద్దులు దారిలోనే పోతాయి. నేను చుట్టాలకు చెప్పేది ఇలా: ఆర్కే బీచ్ వైపు మూడు రాత్రులు, కొండల మీద రెండు, తిరిగొచ్చాక రుషికొండలోనో భీమిలిలోనో మిగతావి. పెద్దవాళ్లు వెంట ఉంటే కొండల రాత్రి ఒకటి తగ్గించి బీచ్ రోడ్డుకు కలపండి. భోగాపురం విమానాశ్రయంలో దిగేవాళ్లయితే వరస తిరగేసుకోండి. అది భీమిలికీ ఆవల, ఊరికి చాలా దూరం. ముందు భీమిలి, తర్వాతే ఊరు.

బండి సంగతి

బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా స్కూటర్ నడపడం ఈ ఊళ్లో దొరికే అతి పెద్ద సుఖం. ఖర్చు కూడా తక్కువే. ఒక పక్క అలలు, ఇంకో పక్క జీడిమామిడి తోటలు, తాటిచెట్లు. ఇద్దరే వస్తే రెండు రోజులకు అద్దె స్కూటర్ తీసుకోండి, మిగతా రోజులకు వద్దు. ఊళ్లో సిగ్నళ్ల మధ్య అది శిక్ష. నలుగురైతే రోజువారీ క్యాబ్ నయం. ఒంటరిగా వచ్చేవాళ్లు, ఖర్చు చూసుకునేవాళ్లు 900కే బస్సెక్కండి. సముద్రం పక్కనే భీమిలి దాకా వెళ్తుంది, కిటికీ పక్క సీటు దొరికితే టూరు బస్సుకేం తీసిపోదు. ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ వైపు తిరిగే డబుల్ డెక్కర్ బస్సులు కూడా వచ్చాయి, ఒక టికెట్ మీద రోజంతా ఎక్కి దిగొచ్చు. పిల్లలకు సరదా. పెద్దవాళ్లకు మాత్రం పై అంతస్తు మధ్యాహ్నం పూట పెనం.

అద్దె స్కూటర్ మీద అరకు వెళ్తామనే కుర్రాళ్లుంటారు. వెళ్లొచ్చు. కానీ ఘాట్‌కు ముందొచ్చే ఎస్. కోట (శృంగవరపుకోట)లో పెట్రోలు నింపుకోకుండా ఘాట్ ఎక్కకండి, పొగమంచులో దిగకండి.

ఏ తీరం

ముందుగా ఒక చేదు నిజం. వైజాగ్ సముద్రం చూడటానికి ఎంత అందంగా ఉంటుందో, దిగడానికి అంత నమ్మరానిది. ఒడ్డు నుంచి నాలుగడుగులు వేశాక లోతు ఒక్కసారిగా పెరుగుతుంది. అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసుకతో సహా లాగేస్తుంది. ఆర్కే బీచ్‌లో, యారాడలో ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. పోయేవాళ్లందరూ ఈత రానివాళ్లు కాదు, బయటి ఊళ్ల నుంచి వచ్చిన ఈతగాళ్లూ ఉంటారు. చెరువులో నేర్చిన ఈత ఇక్కడ పనిచేయదు.

ఈ లెక్కన నీళ్లలో దిగి తీరాలనుకునేవాళ్లకు రుషికొండ ఒక్కటే సరైన చోటు. శుభ్రంగా, భద్రంగా ఉన్న తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు 2020లో వచ్చిన తీరం అది. స్నానాలకు విడిగా హద్దులు కట్టిన చోటుంది, కాపలా ఉండే లైఫ్‌గార్డులున్నారు, బట్టలు మార్చుకునే గదులున్నాయి. కయాక్, సర్ఫింగ్, స్కూబా నేర్పేవాళ్లు కూడా అక్కడే. స్కూబా చేయాలనుకుంటే వర్షాలు, తుఫాన్లు పోయాక రండి. బురదనీళ్లలో మీ చెయ్యి మీకే కనపడదు.

యారాడ అందానికి మొదటిది. మూడు వైపుల కొండలు, నాలుగో వైపు సముద్రం. కొండ మలుపు దాటగానే కింద కొబ్బరితోటలు, వాటి అంచున బంగారు గీతలాంటి ఇసుక ఒక్కసారిగా కనబడతాయి. ఆ మలుపు కోసమైనా వెళ్లాలి. చేపల రేవు దగ్గర నిలబడితే డాల్ఫిన్స్ నోస్ చేతికందేలా ఉంటుంది. మధ్యలో ఉన్నది ఓడలు లోపలికొచ్చే కాలవ మాత్రమే. కానీ రోడ్డు మీద పోర్టు చుట్టూ తిరిగి, సింధియా మీదుగా కొండెక్కి దిగాలి. "ఇంత దగ్గరే కదా" అని మధ్యాహ్నం మూడింటికి బయల్దేరినవాళ్లు లారీల వెనక గంట గడుపుతారు. యారాడకు పొద్దున్నే వెళ్లండి, నీళ్లలో మాత్రం దిగకండి. డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్ చూడాలంటే మళ్లీ సమస్యే, దాన్ని సాయంత్రం పూట కొద్దిసేపే తెరుస్తారు. రెండూ ఒకే రోజు కుదరవు. నేనైతే లైట్‌హౌస్ వదిలేస్తాను.

భీమిలి తీరం నడిచేవాళ్లది. అలలు వెనక్కి తగ్గినప్పుడు తడి ఇసుక మీద నల్లటి చారలు, మధ్య మధ్య ఊదారంగు చారలు కనబడతాయి. మురికి అనుకుంటారు చాలామంది. నల్లవి ఇల్మనైట్, ఊదావి గార్నెట్. వెనక కొండల నుంచి వేల ఏళ్లుగా కొట్టుకొచ్చిన రాతి నలుసులు. గుప్పెడు ఇసుక తీసి ఎండకు పట్టి చూడండి, గార్నెట్ రేణువులు ఎర్రగా మెరుస్తాయి.

ఆర్కే బీచ్‌ను తీరంగా కాదు, సాయంత్రంగా లెక్కేయాలి. అక్కడికి మురీ మిక్సర్ తినడానికి వెళ్లాలి (మురీలంటే మరమరాలే). బండి అతను సత్తు గిన్నెలో మురీలు పోసి, ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర సన్నగా తరిగి, వేరుశెనగపప్పు, ఉప్పు, కారం వేసి, నిమ్మకాయ పిండి, గరిటెతో గిన్నె అంచుకు టకటకా కొడుతూ కలుపుతాడు. పొట్లం కట్టి, చెంచా బదులు అట్టముక్క ఒకటి గుచ్చి ఇస్తాడు. ఐదు నిమిషాల్లో తినేయాలి, ఆలస్యమైతే సముద్రపు తేమకు మెత్తబడిపోతుంది.

ఫిబ్రవరి, మార్చిల్లో వచ్చినవాళ్లకు ఇంకో అదృష్టం. జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ వైపు ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. అటవీశాఖ వాళ్లు వాటిని ఏరి కంచె వేసిన చోట పొదిగించి, పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. తెల్లవారుజామున అటువైపు నడిస్తే, మీ అరచేతిలో సగం కూడా లేని తాబేటి పిల్లలు అలల వైపు పాకడం చూసే అవకాశం ఉంది. ఫ్లాష్ వేసి ఫొటోలు తీయకండి.

ఏ కొండ

కైలాసగిరికి అందరూ వెళ్తారు కాబట్టి మీరూ వెళ్తారు. రోప్‌వే, బొమ్మరైలు, తెల్లటి శివపార్వతులు. పిల్లలకు పండగ, సాయంత్రం ఊరి దీపాలు బావుంటాయి. ఇంతకుమించి చెప్పడానికి లేదు.

తొట్లకొండ నాకు కైలాసగిరి కంటే పదిరెట్లు ఇష్టం. 1970ల్లో నేవీ వాళ్లు స్థావరం కోసం విమానంలోంచి సర్వే చేస్తుంటే ఈ కొండ మీది బౌద్ధారామం బయటపడింది. 1988 నుంచి తవ్వకాలు జరిగాయి. రెండువేల ఏళ్ల కిందటి భిక్షువులు వాననీటి కోసం రాతిని తొలిచి కట్టుకున్న తొట్లే కొండకు పేరయ్యాయి. పక్కనే ఉన్న బావికొండకు బావుల వల్ల, భీమిలి దగ్గరి పావురాలకొండకు పావురాల వల్ల పేర్లొచ్చాయి. మనవాళ్లు కొండకు పేరు పెట్టేటప్పుడు కవిత్వం కోసం ఆగలేదు. తొట్లకొండ మీద స్తూపం పునాది దగ్గర కూర్చుంటే కింద సముద్రం అర్ధచంద్రాకారంలో కనబడుతుంది. ఆ చోటు ఎంచుకున్న భిక్షువుల రుచికి దండం పెట్టాలనిపిస్తుంది. పొద్దున్న గేటు తెరవగానే వెళ్లండి, నీడ తక్కువ. దిగొచ్చి రోడ్డు దాటితే మంగమారిపేట దగ్గర సముద్రం తొలిచిన సహజ శిలాతోరణం ఉంది. ఆటుపోట్లలో నీరు తగ్గిన వేళే దగ్గరికెళ్లగలరు, రాళ్ల మీద నాచు జారుతుంది.

నడకే కావాలి, శిథిలాలు వద్దు అనేవాళ్లకు కంబాలకొండ. జాతీయ రహదారి పక్కనే, జంతు ప్రదర్శనశాలకు ఎదురుగా, నిజమైన అడవి. చిరుతలున్న అడవి, కాబట్టి దారి తప్పకండి. పక్షుల కోసమైతే ఏడింటిలోపే లోపలుండాలి. జూ కోసం వెళ్లేవాళ్లు సోమవారం వెళ్లి గేటు చూసి రాకండి, ఆ రోజు సెలవు.

ఎర్రమట్టి దిబ్బలు కొండ కాదు, కానీ ఈ వరసలోనే చెప్పాలి. భీమిలికి ముందు, సముద్రపు ఒడ్డునే, గాలికీ వానకూ కోసుకుపోయిన ఎర్రటి ఇసుక లోయలు. ఇలాంటివి దక్షిణాసియాలో మూడు చోట్లే ఉన్నాయి: ఇక్కడ, తమిళనాడులో, శ్రీలంకలో. 2014లో దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించారు. సాయంత్రం నాలుగున్నరకు వెలుతురు ఏటవాలుగా పడేటప్పుడు గోడలు నిప్పురంగుకు తిరుగుతాయి. తొట్లకొండ పొద్దున్న, దిబ్బలు సాయంత్రం. ఇది తిరగేస్తే రెండూ చెడతాయి. దిబ్బల మీద నుంచి జారుడుబండలా జారకండి. ఒక్కో జారుడుకు ఒక్కో వానాకాలమంత మట్టి కిందికొస్తుంది.

సింహాచలం గురించి అడగనక్కర్లేదు, మన వాళ్లెవరూ మానరు. అయితే దాన్ని మధ్యాహ్నం ఇరికించకుండా ఒక పొద్దు దానికే ఇవ్వండి. పడమటి ముఖంగా ఉన్న గుడి, పదకొండో శతాబ్దపు చోళుల శాసనం ఉన్న గోడలు, రాతి రథం చక్రాలు తీరిగ్గా చూడాల్సినవి. ఓపికున్నవాళ్లు మెట్ల దారిన ఎక్కండి. దారిలో సంపెంగలు, కాలాన్ని బట్టి కొండ అనాసపళ్లు అమ్ముతారు. ఆషాఢంలో వచ్చేవాళ్లకు 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ ఉంది, కొండచుట్టూ ఊరు మొత్తం రాత్రంతా నడుస్తుంది. అది యాత్రా కాదు, ట్రెక్కూ కాదు, రెండూను.

అరకా, వంజంగా, లంబసింగా

అసలు తగువంతా ఇక్కడే. ముందు ఒక్క రోజులో అరకు వెళ్లి రావడం అన్న ఆలోచన మానుకోండి. మా పెదనాన్న గారి అబ్బాయి కారులో వెళ్లి అదే రాత్రి తిరిగొచ్చాడు. ఏం చూశావురా అంటే ముందు వెళ్తున్న బస్సు వెనక రాసిన అక్షరాలన్నీ అప్పజెప్పాడు. రానూపోనూ రెండువందల ముప్ఫై కిలోమీటర్లు, సగం ఘాట్.

రైలా, రోడ్డా అన్న ప్రశ్నకు నా జవాబు: ఎక్కేటప్పుడు రైలు, దిగేటప్పుడు రోడ్డు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని వైజాగ్ రేవుకు తేవడానికి 1960ల్లో వేసిన లైను ఇది. సొరంగాలే 58. పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలుకు 2017 నుంచి అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టెలు తగిలిస్తున్నారు. ప్రతి సొరంగంలోకి వెళ్లగానే పెట్టెలో పిల్లలందరూ ఒకేసారి కేకలేస్తారు, వెలుతురొచ్చాక ఎవరు ఎక్కువ అరిచారో లెక్కేసుకుంటారు. మొదటి పది సొరంగాలు మీరూ నవ్వుతారు. శిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు, అక్కడ తలుపు దగ్గర నిలబడితే గాలి మారిన సంగతి తెలుస్తుంది. విస్టాడోమ్ దొరక్కపోతే బెంగపడకండి. మామూలు పెట్టె కిటికీకి అద్దం అడ్డం లేదు, వేరుశెనగకాయలమ్మే ఆమె కూడా అందులోకే వస్తుంది.

దిగేటప్పుడు కారు మాట్లాడుకుంటే గాలికొండ మలుపు, అనంతగిరి కాఫీ తోటలు, బొర్రా గుహలు ఒక్క దారిలో కలుస్తాయి. ఎక్కేటప్పుడే రైల్లో బొర్రాలో దిగేసే పద్ధతీ ఉంది గానీ, అక్కణ్నుంచి అరకుకు జీపు బేరమాడాలి, ఆ బేరంలో సగం ఉత్సాహం పోతుంది. గుహలు మాత్రం ఎలా వెళ్లినా చూడాల్సినవే. మెట్లు దిగుతుంటే గబ్బిలాల వాసన ముందు పలకరిస్తుంది, ఆ తర్వాత సున్నపురాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సగం దాకా దిగినా చాలు, పెద్ద గది అక్కడే ఉంది.

ఇక పొద్దు లెక్క. అరకులో పొద్దు మామూలుది. లోయలో ఊరు, మంచు పట్టి ఉంటుంది, తొమ్మిదింటికి విచ్చుకుంటుంది. నవంబరు, డిసెంబరుల్లో వలిసె పూలు పొలమంతా పసుపు ఆరబోసినట్టుంటాయి, అప్పుడు మాత్రం అరకుకు ఎదురులేదు. మిగతా చలికాలంలో పాడేరు దగ్గరి వంజంగికి నా ఓటు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, చీకట్లో టార్చి వేసుకుని కొండెక్కితే, ఆరున్నరకు మీ కాళ్ల కింద మబ్బులు పాలపొంగులా కదులుతుంటాయి, వాటిలోంచి సూర్యుడొస్తాడు. మబ్బు రోజూ ఉండదు. అందుకే రెండు రాత్రులు. ఒక పొద్దు తప్పితే ఇంకో పొద్దు చేతిలో ఉంటుంది.

లంబసింగి చలి కోసం వెళ్లేవాళ్లది. డిసెంబరు, జనవరిల్లో కొన్ని రాత్రులు సున్నా దగ్గరికి పోతుంది. చలిమంట, వేడి టీ, స్ట్రాబెర్రీ తోటలు. దగ్గర్లో తాజంగి జలాశయం. కోస్తావాళ్లకు ఆ చలే వింత. ఢిల్లీలోనో డాలస్‌లోనో ఉండేవాళ్లకు చలి చూపించడానికి నాలుగు గంటలు కారులో తిప్పడం దేనికి? వాళ్లకు అరకు, వంజంగి. రాజమండ్రి, విజయవాడ చుట్టాలకు లంబసింగి. మూడూ చూస్తామంటే వారం మొత్తం ఘాట్ రోడ్ల మీదే అవుతుంది.

బొంగులో చికెన్ గురించి ఒక్క మాట. వచ్చేపోయే జనం కోసం ముందే కాల్చి పెట్టిన బొంగులు తినకండి. మీ ముందే పచ్చి వెదురు బొంగులో కూరి, ఆకుతో మూతి కట్టి, నిప్పుల మీద తిప్పేవాళ్ల దగ్గర ముప్పావుగంట కూర్చోండి. నూనె చుక్క వేయరు. బొంగు చీల్చినప్పుడు వచ్చే ఆవిరిలో వెదురు వాసనే సగం రుచి.

చేపలు తినేవాళ్లకు

వంజరం, చందువాయి, పీతలు, రొయ్యలు, వేపుడుకు నెత్తళ్లు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం, 61 రోజులు. అప్పుడు చేపలు దొరకవని కాదు, ధర పెరుగుతుంది, ఐసులో నిలవున్నవి ఎక్కువ. చేపల కోసమే వచ్చేవాళ్లు ఆ రెండు నెలలు వదిలేయండి. మిగతా కాలంలో ఒక పొద్దున్న ఆరింటికి చేపల రేవుకు వెళ్లండి. వాసన భరించగలిగితే ఆ వేలంపాటకు మించిన వినోదం ఊళ్లో లేదు. పాత చెప్పులేసుకోండి.

వాన పట్టేస్తే

కురుసుర జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విశ్రాంతి తీసుకుంది, 2002 నుంచి బీచ్ రోడ్డు మీద మ్యూజియం. 91 మీటర్ల పొడవైన ఆ గొట్టంలో ఒక గది నుంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతలోంచి ముందు కాలు, తర్వాత తల దూర్చి వెళ్లాలి. నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లే వివరిస్తారు. అంతమంది మనుషులకు ఎన్ని పక్కలున్నాయో అడగండి, పిల్లలు తమ గది గురించి మళ్లీ ఫిర్యాదు చేయరు. ఎదురుగా టీయూ-142 విమానం ఉంది, సముద్రంలో జలాంతర్గాముల్ని వెతికే పనిలో ఉండేది. ముందు జలాంతర్గామి, తర్వాత దాన్ని వేటాడే విమానం, ఈ వరసలో చూడండి. కురుసురకు కూడా సోమవారం సెలవే, అంటే వాన సోమవారం వస్తే గదిలో పేకాటే.

చివరి పొద్దు మిగిలిపోతే, అందులోనూ చలికాలమైతే, అచ్యుతాపురం వైపు కొండకర్ల ఆవకు వెళ్లండి. ఇది ఏ హోటల్ వాళ్లూ చెప్పరు. మంచినీటి సరస్సు, తామరలు, వలస పక్షులు. పడవంటే రెండు తాటిబొందల్ని తొలిచి పక్కపక్కన కట్టిన దోనె. దోనెలో కదలకుండా కూర్చోవాలి, కదిలితే నీళ్లు చీర అంచు దాకా వస్తాయి. ఒళ్లు బరువున్న మా అత్తయ్య గారిని దోనె నడిపే అతను మధ్యలో కూర్చోబెట్టి, "అమ్మా, మీరు కదలొద్దు, ఊపిరి మాత్రం తీసుకోండి" అన్నాడు. ఆవిడ ఇప్పటికీ వైజాగ్ అనగానే ఆ మాటే చెప్తుంది, సముద్రం ఊసే ఎత్తదు.

బుకింగు వరస కూడా చెప్పి ఆపుతాను. ముందు విస్టాడోమ్, తర్వాత కొండల మీద గది, ఆ రెండూ దొరికిన తేదీలను బట్టి ఊళ్లో గదులు. చాలామంది దీన్ని తిరగేసి చేసి, రైలు టికెట్ దొరక్క నాకు ఫోన్ చేస్తారు. నాకు రైల్వేలో ఎవరూ తెలియదు.